తప్పు జవాబు నొక్కని మాస్టారు

మా మండలంలో ఉన్న ఉపాధ్యాయులందరి ఎదుటా, పెద్ద తెర మీద, రెండు స్పీకర్ల సాక్షిగా నా పరువు పోయింది. పరువు పోవడం ఎవరికైనా జరిగేదే. కాకపోతే అందరికీ ఒకసారి పోయి ఊరుకుంటుంది. నాది బటన్ నొక్కినప్పుడల్లా పోయింది. ఎలా పోయిందో చెబుతాను. కారణం నేను కాదని మాత్రం ముందే చెప్పి ఉంచుతున్నాను. అంతా చదివాక మీరు కూడా "తప్పు మీదే మాస్టారూ" అంటే, మిమ్మల్నీ గుర్తుపెట్టుకుంటాను. నాకు మతిమరుపు లేదు.

కారణం మా బామ్మర్ది గణపతి. మా ఆవిడ సరోజకి తమ్ముడు. చీపురుపల్లికి అటుపక్క హైస్కూల్లో వాడు సైన్సు చెబుతాడు, ఇటుపక్క హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. మా పెళ్ళిలో నా విస్తరి వైపు వస్తున్న పనసపొట్టు కూరని దారిలోనే ఆపి, గిన్నెతో సహా పట్టుకుపోయాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. చిన్నపిల్లాడని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సరే, ఇప్పుడు చెప్పేది ఆ కూర సంగతి కాదు.

కొన్నేళ్ళ కిందట ఉపాధ్యాయుల సమావేశంలో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ చూపించారు. పిల్లలు తెర మీద ముట్టుకుని జవాబు చెప్పే పాఠాలు మనమే తయారుచేసుకోవచ్చు. తప్పు నొక్కితే ఒక మాట, ఒప్పు నొక్కితే ఒక మాట వినిపించేలా మన గొంతు కూడా పెట్టుకోవచ్చు. కొనక్కర్లేదు. ఒకరు చేసిన పాఠాన్ని ఇంకొకరు తీసుకుని, మార్చుకుని, మళ్ళీ పంచుకోవచ్చు. వచ్చే సమావేశానికి అందరూ తలొక పాఠం చేసుకురండి, బాగున్నదాన్ని మండలంలోని పిల్లలందరి ట్యాబుల్లో పెడదాం అన్నారు మా మండల విద్యాధికారిణి గారు.

నేను పేరు ఇచ్చాను. ఉప్మా ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడ్డ గణపతి అందరూ వినేలా అన్నాడు కదా, "మా బావకి ఇయన్నీ ఎందుకండి. ఆయన క్లాసులో పిల్లలు లెక్కలకి బయపడరు, ఆయనకి బయపడతారు. కావాలంటే పైడమ్మని అడగండి."

ఆ ఉప్మాలో ఉప్పు తక్కువైంది. నవ్వినవాళ్ళలో ముందు వరసలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

పైడమ్మ మా ఎనిమిదో తరగతి పిల్ల. గణపతి ఇంటికి ఎదురిల్లే వాళ్ళది. వీధిలో ఆ పిల్ల మాటలకి అంతుండదట, కోడిపుంజుతో కూడా కబుర్లు చెబుతుందట. నా క్లాసులో మాత్రం హాజరు పలకడానికి కూడా చెయ్యెత్తి ఊరుకునేది. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. మీరైతే ఏమనుకునేవారు?

ఆ రోజే నిశ్చయించుకున్నాను. భిన్నాల మీద పాఠం చేస్తాను. అందరి ముందూ పైడమ్మ చేతే జవాబు చెప్పిస్తాను. ఆ పిల్ల నోరు తెరవాలి, గణపతి నోరు మూతపడాలి.

వాడు ఫోన్ చేసి, ఎవరెవరో మాస్టార్లు చేసిపెట్టిన పాఠాలు చాలా ఉన్నాయి, ఒకటి తీసుకుని మన లెక్కలు వేసుకుంటే చాలు, నేర్పిస్తాను రమ్మంటావా అన్నాడు. చీపురుపల్లిలో ఎక్స్‌ప్రెస్ ఆగినంతసేపు కూడా ఆ మాట దగ్గర ఆగలేదు నేను. ఒకరి ఎంగిలి పాఠం నాకెందుకు? వాడుక విధానం చదవమని తెర మీదే రాసి ఉంది. అది కూడా చదవలేదు. పిల్లలకి చదవమని చెప్పేవాణ్ణి, నాకు ఒకరు చెప్పడమేమిటి?

ఒక సెలవురోజు సాయంత్రం హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా వెనక సరోజ కింద కూర్చుని చేటలో పెసలు బాగుచేస్తోంది. మొదటి ప్రశ్న: అరకి మూడోవంతు కలిపితే ఎంత? ఒప్పు జవాబుకి "ఊఁ, సరే" అని రికార్డు చేశాను. నా నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ పొందలేదు. తప్పు జవాబుకి మైకు నొక్కి, గొంతు సవరించుకుని, క్లాసులో రోజూ అనేదే అన్నాను. అని ఊరుకున్నాను. మైకు ఆపాలని నాకు తట్టలేదు. నేను మాట ఆపాక ఇంకెవరు మాట్లాడతారు? మా క్లాసులో అదే పద్ధతి.

కానీ ఇంట్లో ఆ పద్ధతి లేదు. సరోజ ఏదో అంది, నేనేదో అన్నాను, మళ్ళీ ఏదో అంది. ఆవిడ మాటల్ని ఫ్యాను చప్పుడు కింద జమకట్టే రోజులవి. కాసేపటికి మైకు గుర్తు ఇంకా వెలుగుతోందని చూసి ఆపేశాను.

ఆ తర్వాత నా తెలివి చూడండి. ప్రతి ప్రశ్నకీ కొత్తగా రికార్డు చెయ్యడం దేనికని, మొదటి ప్రశ్నకే నకళ్ళు తీసి అంకెలు మార్చుకుంటూ పోయాను. నకలుతో పాటు గొంతు కూడా వస్తుంది. అదే కదా సౌకర్యం.

పాఠం పూర్తయ్యాక సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించాను కూడా. పరీక్షించలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. మొదటినుంచి చివరిదాకా అన్నీ నొక్కి చూశాను. అన్నీ ఒప్పు జవాబులే నొక్కాను. నేను లెక్కల మాస్టార్నండి. అరా మూడోవంతూ కలిపితే రెండు బై అయిదు అని నొక్కడానికి నాకు చెయ్యెలా వస్తుంది? ఇంట్లో ఎవరూ చూడకపోయినా సరే, వేలు అటు వెళ్ళలేదు. ప్రతిసారీ "ఊఁ, సరే" అని నా గొంతే నన్ను మెచ్చుకుంది. పరమానందంగా ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్న చోట కూడా టిక్కు పెట్టాను. ఇంత నిక్కచ్చి పాఠంలో మార్చడానికి ఏముంటుందన్న ధైర్యం.

సమావేశం రోజు వచ్చింది. పైడమ్మని, ఇంకొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. నా వంతు రాగానే పైడమ్మని తెర ముందు నిలబెట్టాను. ముందు వరసలో గణపతి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పైడమ్మ తెర వైపు చూసింది, నా వైపు చూసింది. నా వైపు చూడటం వల్లే అయ్యుంటుంది, రెండు బై అయిదు నొక్కింది.

స్పీకర్లలోంచి నా గొంతు ఉరిమింది. "తప్పు. బుర్ర ఇంట్లో ఒగ్గేసి వచ్చావేటి?"

పిల్ల కళ్ళు మూసుకుంది. ఆ వెంటనే, చేటలో పెసలు గలగలలాడిన చప్పుడు. దాని వెనక సరోజ గొంతు.

"ఏటండి, సిన్నపిల్లల్ని అలాగ కసురుతారు? తెలీకే కదా తప్పు సేసినారు. మళ్ళీ సెయ్యమనండి, వస్తాది."

"నువ్వూరుకో. లెక్కల్లో నీకేటి తెలుసు?"

"మొన్న మీరు ఎసరు లెక్క తప్పేసి అన్నం జావ సేసినారు. నానేటైనా అన్నానా? మజ్జిగ పోసుకుని తాగీసినాను."

మనిషికి అవసరమైనప్పుడు కరెంటు పోదు. మా జిల్లాలో ఈ విషయం మీద నా ఫిర్యాదు వేరే ఉంది.

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. గణపతి లేచి నిలబడి, "అది మా అక్క గొంతు" అని అటూ ఇటూ ఉన్నవాళ్ళకి చెబుతున్నాడు, అక్క రేడియోలో పాడుతున్నట్టు. నేను మాత్రం పైడమ్మని చూస్తున్నాను. ఆ పిల్ల కళ్ళు తెరిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా ఎదుట ఆ పిల్ల నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. పై పలువరసలో ఒక పన్ను వంకర ఉందని ఆ రోజే తెలిసింది.

తర్వాత తెరకేసి తిరిగి, నాతో కాదు సుమండీ, తెరతో అంది. "మళ్ళీ సేస్తన్నానండి అమ్మగోరు. అరా మూడోవంతూ ఒక్క కొలత కాదు గదా. రెండిట్నీ ఆరోవంతులు సేసీయాల. అప్పుడు మూడూ రెండూ అయిదు. అయిదు బై ఆరు."

నొక్కింది. నా గొంతు "ఊఁ, సరే" అంది. ఇంత చక్కగా చెబితే ఊఁ సరేనా అని నాకే అనిపించింది. గణపతి చప్పట్లు కొట్టాడు. వాడు కొట్టినందుకు నాకు కోపం రాలేదని ఇక్కడ ఒప్పుకోను.

ఇక చూడండి, మిగతా పిల్లలు ఎగబడ్డారు. సరోజ గొంతు వినాలని కావాలని తప్పులు నొక్కడం మొదలుపెట్టారు. నొక్కిన ప్రతి తప్పుకీ మా ఇంటి అన్నం జావ అవుతోంది. పిల్లల తర్వాత మాస్టార్లు లేచారు. సరళమైన భిన్నాలు తెలియని మాస్టార్లు మండలంలో ఇందరున్నారని ఎవరనుకుంటారు? ఆఖరికి అధికారిణి గారు కూడా, ఆ ఎసరు సంగతి సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి పెట్టండి అన్నారు.

నా పాఠమే ఎంపికైంది. అయితే ఎంపికైంది నేను చేసిన పాఠమా, నేను చెయ్యని పాఠమా అన్నది నేటికీ తేలలేదు.

గణపతి ఊరుకున్నాడా? పాఠం తీసుకుని నా కసురు కత్తిరించేశాడు, "నువ్వూరుకో" కత్తిరించేశాడు, అక్క మాటలు మాత్రం ఉంచి ట్యాబుల్లోకి ఎక్కించాడు. నేను అధికారిణి గారి దగ్గరకెళ్ళి గట్టిగా అడిగాను. ఎవరైనా మార్చుకోవచ్చని టిక్కు పెట్టింది మీరే కదా మాస్టారూ అన్నారావిడ. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఇంటికొచ్చి సరోజకి చెప్పాను. ఆవిడకి అప్పటిదాకా ఏమీ తెలియదు. లోకమంతా తన గొంతు విన్నదని తెలిస్తే ఏమంటుందోనని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. గణపతి కత్తిరించిన పాఠం మొత్తం వింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, బావ గొంతు ఎందుకు తీసీసినావురా? పాఠం సేసింది ఆయన. ఎంత యాతన పడ్డారో నువ్వు సూసినావా, నాను సూసినాను. అన్నీ యెలాగున్నాయో అలాగే పెట్టు."

నా తరఫున ఇంత గట్టిగా ఎవరూ, ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాటలే వింటూ నిలబడ్డాను, వద్దని చెప్పేలోపు ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రానికల్లా నా కసురు, నా ఎసరు, అన్నీ యథాతథంగా మండలంలోని ప్రతి ట్యాబులోనూ చేరిపోయాయి. మా ఆవిడ నా మీద చూపించిన ప్రేమ వల్ల నా పరువు రెండోసారి, ఈసారి ఊరూరా పోయింది.

ఇప్పుడు పైడమ్మ నా క్లాసులో నోరు మూయడం లేదు. దాని మీద కూడా నాకు ఫిర్యాదుంది. ఎవరైనా లెక్క తప్పు చేస్తే, నేను నోరు తెరిచేలోపే, వెనక బెంచీలోంచి "మళ్ళీ సెయ్యమనండి, వస్తాది" అని వినిపిస్తుంది. వస్తోంది కూడా. అదీ నా బాధ.

అందుచేత, నా సుద్దముక్క మీద ఒట్టేసి ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఇక జన్మలో ఎన్నడూ, తలుపుకి గొళ్ళెం పెట్టకుండా పాఠం రికార్డు చెయ్యను. నిన్ననే శాతాల పాఠం మొదలుపెట్టాను. గొళ్ళెం గట్టిగా బిగించాను, రెండుసార్లు లాగి చూసుకున్నాను.

సరోజ అప్పటికే లోపలికొచ్చి కూర్చుంది.