ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

గండికోట లోయ అంచున ఫొటో దిగడానికి జమ్మలమడుగు వెళ్లేవాళ్లకు కావలసినంత సమాచారం దొరుకుతుంది. ఈ పోస్టు వాళ్లకోసం కాదు. చిన్నప్పుడు వదిలేసిన ఊరికి వెళ్లి, అక్కడ జరిగినదాని గురించి ఎవరినో ఒకరిని ఒక్క మాట అడగాలని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నవాళ్లకోసం. నాకు ఎనిమిదేళ్లప్పుడు జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో, మా ఇంటి ముందే, పట్టపగలు మా చిన్నాయనను చంపేశారు. ఎన్నికల్లో ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చోవడమే ఆయన చేసిన నేరం. నేను కిటికీలోంచి అంతా చూశాను. కానీ మా అమ్మ బతికినన్నాళ్లూ నాకు ఒకటే చెప్పింది, "నువ్వు నిద్రపోతాంటివి" అని. పళ్లెం కిందపడిన చప్పుడుకి నేను ఉలిక్కిపడి మూలకు దూరినప్పుడల్లా అదే మాట. పోనుపోను నేనే పీడకల కని దాన్ని నిజమనుకుంటున్నానేమోనని నామీద నాకే అనుమానం పట్టుకుంది. అమ్మ పోయాక, బెంగళూరులో నేను కలుస్తున్న కౌన్సెలర్ ఒక ప్రశ్న వేసింది, ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరైనా ఇంకా బతికున్నారా అని. ఒక్కరున్నారు. పులివెందులలో మా మేనత్త ఓబులమ్మ.

బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి ప్రొద్దుటూరులో దిగుతాం. ఆ ఊరికి పేరు తెచ్చిన బంగారు కొట్లు తెరవడానికి ఇంకా చాలా టైముంటుంది కాబట్టి తొందరేం లేదు. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. అరవై రూపాయలకు కడుపు నిండింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ నీళ్లు బజ్జీ వల్లే. అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సులు బాగానే ఉన్నాయి గానీ, మా ఊరు మెయిన్ రోడ్డు మీద లేదు. అందుకని మూడు వేలకు రోజంతా కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు మస్తాన్, యాభై దాటిన మనిషి. ఊరి పేరు చెప్పగానే అద్దంలోంచి ఒకసారి నావైపు చూసి, ఆ ఊళ్లో ఎవరున్నారని అడిగాడు. ఇప్పుడెవరూ లేరన్నాను. కాసేపు పోయాక, ఎందుకో తెలియదు, మొత్తం చెప్పేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పడం సులువు.

ఆయన కారు వేగం తగ్గించాడు. "మా తట్టు పిల్లోల్లందరం నిద్రపోయినోల్లమే అక్కా. పోలీసోల్లు రాకముందే మాయమ్మ నాతో పదిసార్లు చెప్పించింది, నేను నిద్రపోతాంటి అని. మా పక్కింట్లో అవతల పార్టీ వాళ్లు. ఆ ఇంటి పిల్లోల్లకూ అదే పాఠం" అన్నాడు.

సాక్షి అంటే కోర్టు, కోర్టు అంటే ఎదుటివాళ్ల కంట్లో పడటం. అందుకే కొట్లాట జరిగిందంటే ఏ వర్గం ఆడవాళ్లైనా మొదట చేసే పని పిల్లలకు ఈ మాట నేర్పడమేనట. గోలీలాడుకునే వేళలో వీధి వీధంతా పిల్లలు పడుకుని ఉన్నారంటే ఏ పోలీసు నమ్ముతాడో నాకైతే తెలియదు. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్నని గుర్తొచ్చింది.

పదింటికి మా ఊరు చేరాం. మా ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. అందులో ఉంటున్నావిడ మంచినీళ్లిచ్చి, మర్యాదగా లోపలికి పిలిచింది. వీధివైపు గది గుర్తుపట్టాను గానీ, అక్కడ కిటికీ లేదు. నున్నటి గోడ. వాళ్లు కొన్నప్పటినుంచీ ఇలాగే ఉందని ఆవిడ చెప్పింది. చిన్నాయన పేరెత్తగానే, ఆ కాలం మాటలు ఇప్పుడెందుకులే అక్కా అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడను తప్పుపట్టను. కానీ కారెక్కి ఆ గోడవైపే చూస్తూ కూర్చున్నాను. కిటికీయే లేకపోతే నేను చూసిందేమిటి? అమ్మ చెప్పిందే నిజమా? వెనక్కి తిప్పమందామని నోటిదాకా వచ్చింది.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు గంటన్నర పట్టింది. చీనీ (బత్తాయి) తోటలు, అరటి తోటలు మొదలయ్యాక ఎండ కొంచెం ఓర్చుకునేలా ఉంటుంది. ఊరి బయట తోటలో అత్త ఇల్లు. డెబ్భై దాటినా మనిషి గట్టిగానే ఉంది. అన్నం పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. తర్వాత పంచలో కూర్చుని చేట ముందేసుకుని శనక్కాయలు వలవడం మొదలుపెట్టింది. నేనూ వలుస్తూ, తలెత్తకుండా అడిగాను. ఆ పొద్దు నేను నిద్రపోతున్నానా అత్తా అని.

అత్త చేతిలో కాయ చేటలో పెట్టేసింది.

"ల్యాదు. మేలుకోనే ఉంటివి. కిటికీ కాడ నిలబడుకోని సూసినావు. ఆ కిటికీ మీ నాయన ఆ వారమే రాళ్లు పెట్టి మూయించినాడు. నువ్వు 'చిన్నాయనా లెయ్యి' అని అరవబోతే నేనే నీ నోరు మూసినా. అరుపు బయటికి పోతే నిన్ను కూడా సూస్తారని. నా చెయ్యి కొరికినావు, అయినా ఇడవల్యా."

పోలీసులకని నేర్పిన మాటను, వాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో వెనక్కి తీసుకోవాలని ఎవరికీ తట్టలేదట. ముందు మరిచిపోయామంది. వెంటనే తనే దిద్దుకుంది. మరిచిపోలేదు, పిల్ల ఎక్కడైనా అనేస్తుందని భయపడ్డామంది. ఆ భయం పోయేసరికి నాకు పెళ్లయిపోయిందట. నాకు కోపం వచ్చింది, చాలా కోపం. నన్ను బతికించుకోవడానికే అలా చేశారని తెలిసినా వచ్చింది. ఆ మాటే అత్తతో అన్నాను. ఆమె కాదనలేదు. నేను బావురుమని ఏడుస్తుంటే ఊరుకోమనీ అనలేదు. మజ్జిగ తెచ్చిన కోడలు వెళ్లిపోబోతుంటే, "నువ్వూ కూసో, ఇను" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు సెప్పు మా. ఏం సూసినావో మొదట్నుంచీ సెప్పు" అంది.

చెప్పాను. చిన్నాయన వేసుకున్న చొక్కా రంగుతో సహా. ఎవరూ ఆపలేదు.

నాకు నయమైపోయిందని చెప్పను. తిరిగొచ్చాక కూడా పళ్లెం పడితే ఉలిక్కిపడ్డాను. కాకపోతే ఇప్పుడు దేనికి భయపడుతున్నానో నాకు తెలుసు. అది నిజంగా జరిగింది, నేను పిచ్చిదాన్ని కాదు. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి మనిషికి సగం జీవితం పట్టకూడదు.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: తిరుగు టిక్కెట్ ముందే కొనకండి. నేను ఐదింటి బస్సుకు కొన్నాను. ఆ టైముకు నేనింకా చెబుతూనే ఉన్నాను, అత్త వింటూనే ఉంది.