ఎక్కువ కట్టిన మాస్టారు

మా ఆయన దర్జీ. అందరికీ మాస్టారు. ఎవరికి ఏది కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేవారు. "రేపు ఒళ్ళొస్తే విప్పుకుంటారు, కొత్తది కొనే పని తప్పుతుంది" అనేవారు. దానివల్ల మనకే బేరం పోతుందని నేనంటే, "పోనీలేవే" అని సూదిలో దారం ఎక్కించుకునేవారు.

మా ఇల్లంటే రెండు గదులు, మిషను పెట్టుకున్న వరండా. బ్యాంకు అప్పుతో కొన్నాం. వాయిదాలు కట్టడంలోనూ ఆయనది అదే పద్ధతి. కట్టాల్సినదానికి పైన ఇంకాస్త వేసి కట్టేవారు. ఏదైనా నెల చేతిలో డబ్బు ఆడకపోతే ఆ ఎక్కువ అక్కరకొస్తుందని ఆయన ధీమా. బ్యాంకువాళ్ళు తీసుకున్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. తర్వాత వాళ్ళు వాయిదాల వసూలు వేరే కంపెనీకి అప్పగించారు. ఏడాది తిరక్కుండానే ఇల్లు జప్తు చేస్తామని నోటీసు వచ్చింది. మేము ఒక్క వాయిదా కూడా కట్టలేదట.

నేనూ ఆయన వెంట ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి రసీదులన్నీ చూసింది.

"డబ్బు ముట్టిందండీ. కానీ వాయిదా ఎంతో అంతే కట్టాలి. తేడా వస్తే సిస్టమ్ మొత్తాన్నీ పక్క ఖాతాలో పడేస్తుంది. వాయిదా రానట్టే."

"తక్కువైతే సరే తల్లీ. ఎక్కువ కట్టినా?"

"అదీ తేడానే కదండీ."

"మరి పక్కనున్న డబ్బు తీసి వాయిదాల్లో వేసుకోవచ్చుగా?"

"అది పెనాల్టీలకు పోయిందండీ."

ఆయన నవ్వారు. "మీ కంపెనీని ఓసారి నా దగ్గరికి పంపమ్మా. జేబులు మరీ లోతుగా కుట్టించుకున్నట్టున్నారు." ఆ అమ్మాయి కూడా నవ్వింది. బయటికొచ్చాక మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయారు.

విచారిస్తే మా వీధిలోనే ఇంకా కొన్ని ఇళ్ళకు ఇలాంటి నోటీసులే వచ్చాయి. ఒకరు వాయిదాను రెండు విడతలుగా కట్టారు, ఒకరు ముందే కట్టారు. అందరూ కలిసి కంపెనీ మీద కేసు వేశారు. మొదటి పేరు మా ఆయనది. కంపెనీ ఒక్కొక్కరినే విడిగా పిలిచి రాజీ చేసుకోవడం మొదలుపెట్టింది. ఎదురింటి డ్రైవరు కూడా ఒప్పుకున్నాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. పిల్లలున్నోణ్ణి."

"నేనేమన్నా అన్నానా? వెళ్ళి సంతకం పెట్టుకో. నీ ప్యాంటు రెడీ అయింది, పోతూ పోతూ తీసుకెళ్ళు."

చివరికి కోర్టు బెంచీ మీద మేమిద్దరమే మిగిలాం. అక్కడే చెట్టు కింద టీ తాగి, కేసు మళ్ళీ ఎప్పుడో ఆ తేదీ రాసుకుని, బస్సెక్కి వచ్చేవాళ్ళం. ఒకరోజు అలా వచ్చి, చొక్కా విప్పకుండా పడుకున్నారు. లేవలేదు. గుండె అన్నారు.

ఆ నెలలోనే కంపెనీ మనిషి వచ్చాడు. పెనాల్టీలన్నీ కొట్టేస్తారట, ఇల్లు నాకే ఉంటుందట. నేను కేసు వదులుకుని, ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నాకు చదువు తక్కువ. కూడబలుక్కుని చదివాను. అందులో, నా భర్త నిర్లక్ష్యంగా వాయిదాలు తప్పారని, కంపెనీ తప్పేమీ లేదని ఉంది.

"ఈ ముక్క తీసేయండి బాబూ, పెడతాను."

"అది తీసేస్తే ఇంక ఈ కాగితమెందుకమ్మా?" అన్నాడతను. ఆ ఒక్క మాట మాత్రం నిజమే చెప్పాడు.

పక్కనే మా మరిది ఉన్నాడు. "పెట్టేయ్ వదినా. అన్నయ్యే పోయాడు, ఇంకా ఈ పంతమేంటి? ఉండటానికి నీకు ఇల్లు కావాలా వద్దా?"

"కావాలి."

"మరి?"

"మీ అన్నయ్య ఏ నెలా తప్పలేదు" అన్నాను. కలం తిరిగిచ్చేశాను. మరిది ఆ రోజు అన్నం తినకుండా వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

మా కేసు చూసే లాయరమ్మ జప్తు ఆపాలని అడిగింది, కోర్టు ఆపలేదు. పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి తాళం వేశారు. మిషను నేనే బయటికి ఈడ్చుకున్నాను. ఇప్పుడు ఒంటి గది అద్దె ఇంట్లో ఉంటూ, చుట్టుపక్కల వాళ్ళ చిరుగులు కుడుతున్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. కోర్టులో ఇప్పటికీ ఆయన పేరే పిలుస్తారు. నేను లేచి నిలబడతాను. మొన్న కంపెనీ తరఫు లాయరు కాగితాలు సిద్ధం కాలేదని గడువు అడిగాడు. జడ్జిగారు తలైనా ఎత్తకుండా ఇచ్చేశారు. బియ్యం డబ్బా తీసుకుంటాను, కాస్త ఆగండని నేనడిగితే ఆ రోజు తాళం వేసేవాళ్ళు ఆగలేదు.