కోడలిగా తెచ్చుకున్న కూతురు

మలేసియాలోని పెనాంగ్ నుంచి మూడు వారాల కిందట టెలిగ్రాం వచ్చింది. షార్జాలో మా ప్రసూతి వార్డును ఏడేళ్లు నడిపిన పెద్దనర్సు లీ గారు పరమపదించారు. పదవీ విరమణ చేసి వెళ్లి ఏడాదైనా కాలేదు. ఆ దుర్వార్త చదివి నిశ్చేష్టురాలినయ్యాను. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, పురిటి నొప్పులు పడే తల్లికి అరబ్బీలో ధైర్యం చెప్పడం నాకు నేర్పింది ఆవిడే.

లీ గారు చీనా వనిత. నెలల పసికందుగా ఉన్నప్పుడే కన్నవాళ్లు ఆవిడను మరో ఇంటికి ఇచ్చేశారు. ఆ ఇంటి కొడుక్కి పెద్దయ్యాక భార్య కావాలని. చేతుల్లో పెరిగిన పిల్ల అత్తమాట జవదాటదని వాళ్లలో పాత ఆచారమట.

"పద్దెనిమిదో ఏట పెళ్లన్నారు. నేనూ, ఆ ఇంటి అన్నయ్యా ముందు నవ్వాం, తర్వాత ఏడ్చాం. ఒకే కంచంలో తిన్నవాణ్ణి మొగుడనుకోమంటే ఎలా మేరీ?" అన్నారొకసారి నాతో. ఇద్దరూ ఒప్పుకోలేదు. పెంచిన తల్లి కోపం లీ గారి మీదే నిలిచింది. ఏళ్ల తరబడి ఆవిడతో మాట్లాడలేదు.

ఆ తల్లి మంచాన పడితే లీ గారు సెలవు పెట్టి వెళ్లి, రెండు నెలలు సేవ చేశారు. చివరికి ఆ ముసలమ్మ బంధువులందరి ముందూ ఆవిడ చేతి టీ తాగి, "ఇది నా కోడలు కాదు, కూతురు" అంది. వెంటనే ఒక పెద్దాయన అడ్డుపడ్డాడట: "కోడలివైతే పోయాక నీ పేరు రాసిన పలక ఈ ఇంటి పితృదేవతల పీఠం మీద పూజలందుకునేది. పెళ్లికాని కూతురికి అక్కడ చోటు లేదు."

"మరి మీరేమన్నారు సిస్టర్?" అని అడిగాను.

"ఏమంటాను? అమ్మ కూతురంది. ఖలాస్."

అలా అన్నారే గాని, ఆ రోజు ఇద్దరు బాలింతల చార్టులు తారుమారు చేశారు. నాకు తెలిసి అదొక్కసారే.

మాకు పిల్లలు లేరు. మా చెల్లి మూడో పిల్లను మేము పెంపకానికి తెచ్చుకోవాలనుకుంటున్న రోజుల్లో, రోలాలోని మా ఇంటికి ఆవిడ భోజనానికి వచ్చారు.

"రేపు మమ్మల్ని చూసుకోడానికి ఒకరుండాలి కదా సిస్టర్," అన్నారు మావారు.

ఆవిడ చెంచా కింద పెట్టారు. "అయితే తేకండి. పని కోసం తెచ్చిన పిల్లకి ఆ సంగతి తెలిసిపోతుంది. ఊరికే తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి."

మావారికి రోషం వచ్చింది. రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు, "ఊరికే తెచ్చుకుందాం," అన్నారు. మా సుగుణకిప్పుడు ఐదేళ్లు.

నిన్న లీ గారి అన్న ఉత్తరం అందింది. పెళ్లికాని ఆడదానికి పీఠం మీద చోటెక్కడిదని పెద్దలు మళ్లీ అడిగారట. ఆయన వాదించలేదు. వాళ్లలో పోయినవాళ్లకీ దత్తత ఇవ్వొచ్చట; తన రెండో కొడుకును చనిపోయిన చెల్లెలికి దత్తత ఇచ్చాడు. కొడుకున్న తల్లికి చోటు లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆవిడ పేరు ఇప్పుడు పెంచిన తల్లి పేరు పక్కనే ఉంది.

ఆ మహనీయురాలికి నా కన్నీటి అంజలి. ఆవిడ స్థానంలోకి వచ్చినావిడ సమర్థురాలే. అయినా కాన్పు కష్టమైనప్పుడల్లా మా అందరి చూపులూ ఇంకా తలుపు వైపే పోతున్నాయి.