మూడో బోనులో ఎడమ మూల

నాకు దయ్యాల పిచ్చి లేదండీ. కొల్లేటి గట్ల మీద, చేపల చెరువుల మధ్య పెరిగినదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేది నేనే. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

తాడేపల్లిగూడెం దగ్గర ఓ ఫార్మసీ కాలేజీలో ప్రయోగాల ఎలుకల గది చూసుకుంటాను. మేత, నీళ్లు, బోనుల్లో ఊక మార్చడం నా పని. మూడో బోనులో ఓ తెల్ల ఎలుక పిల్లల్ని పెట్టింది. అంతవరకూ నా అరచేతిలో కునుకు తీసిన ఎలుక, చెయ్యి పెడితే చాలు మీదికి దూకడం మొదలుపెట్టింది.

"పాలిచ్చే తల్లి అంతేనమ్మా. పిల్లల్ని తీసేస్తే రెండు రోజుల్లో చల్లబడుతుంది," అన్నారు ప్రయోగం చేసే మేడమ్.

ఐదో రోజున పిల్లల్ని తీసుకుపోయారు. ఎలుక చల్లబడలేదు. బోనులో ఎక్కడ చెయ్యి పెట్టినా ఊరుకునేది, ఎడమ మూలకి పోతే మాత్రం కరిచేది. పది రోజులైనా అంతే.

ఓ మధ్యాహ్నం దాన్ని వేరే బోనులోకి మార్చి, అన్నం తిని వచ్చి, ఆ మూల ఊకలో చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. చుట్టూ ఊకంతా చల్లగానే ఉంది. మేడమ్‌ని పిలిచాను. ఆవిడా చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయారు.

కరిచే ఎలుక ప్రయోగానికి పనికిరాదు. మత్తు ఎక్కించి చంపేస్తారు.

"ఇంకో వారం చూద్దామండీ, దాన్ని నేను చూసుకుంటాను," అని బతిమాలాను.

"నా చేతుల్లో లేదమ్మా," అన్నారు.

జీతానికి పనిచేసేదాన్ని, ఏం చెయ్యను? నేనే ఎత్తుకెళ్లి ఇచ్చాను. దారిలో నన్ను కరవలేదు. ఆ రోజు ఇంటికెళ్లి చాలాసేపు ఏడ్చాను.

బోను వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండబెట్టాను. కొత్త ఊక పోశాక, ఎన్నడూ పిల్లల్ని పెట్టని ఆడ ఎలుకని అందులో వదిలారు. వారం రోజులు బుద్ధిగానే ఉంది. ఎనిమిదో రోజు అదీ ఎడమ మూలకి చేరి, ఒంటి మీది బొచ్చంతా నిక్కబొడుచుకుని, నా వేలు కరిచింది.

పిల్లల్లేని ఎలుక కూడా ఇలా కాపలా కాస్తుందా అని మేడమ్‌ని ఊరికే అడిగినట్టు అడిగాను.

"కాస్తుందమ్మా. వేరేవాటి పిల్లల పక్కన వారం రోజులుంచితే, పిల్లలు పెట్టనిది కూడా తల్లయిపోతుంది," అన్నారు.

మరి ఆ బోనులో పిల్లలేవండీ? ఆ మాట నా నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. నాకిప్పటికీ అంతు పట్టలేదు.

కరిచిందని తెలిస్తే దీన్నీ చంపేస్తారని, వేలు గ్లౌజులో దాచుకున్నాను. అప్పట్నుంచీ ఆ మూల వదిలేసి మిగతా ఊకే మారుస్తున్నాను. ఎన్నాళ్లని దాచగలను, మీరే చెప్పండి.