తిరిగి పోయిన గాలి

మైపాడుకు ఉత్తరంగా రెండు మైళ్ళు నడిస్తే మా పాళెం. 1959 వేసవి నాటికి అందులో అరవై మూడు ఇళ్ళు, అన్నీ తాటాకువే. తూర్పున సముద్రం, పడమట సరుగుడు తోపు. తోపుకూ చివరి వరుస ఇళ్ళకూ మధ్య నలభై అడుగుల జాగా ఉండేది. ఖాళీ జాగా అనడానికి లేదు. ఆడవాళ్ళు పొయ్యిలోకని ఊడ్చి తెచ్చిన సరుగుడాకు అక్కడ నడుమెత్తు పోగులుగా పడి ఉండేది.

ఎండాకాలంలో మాకు రెండు గాలులు. తెల్లవారుజాము నుంచి వీచేది పడమటి గాలి. అది వెలిగొండల మీద నుంచి దిగి, కొండల కింది పల్లమంతా దాటి, కోతలైపోయిన వరిమళ్ళ మీదుగా, దారిలో ఉన్న తడినంతా పీల్చుకుని మా దగ్గరికి వచ్చేది. పొద్దెక్కే కొద్దీ వడగాలి అయ్యేది. మధ్యాహ్నం కావస్తుండగా సముద్రపు గాలి లేచి దాన్ని వెనక్కి నెట్టేది. తెప్పల మీద చీకటితోనే పోయిన మగవాళ్ళు ఆ గాలికే తెరచాప ఎత్తి ఒడ్డుకు వచ్చేవాళ్ళు.

అందుకని పాళెంలో ఒక కట్టుబాటు ఉండేది. కృత్తిక కార్తె మొదటి రోజు నుంచి రోహిణి కార్తె చివరి రోజు దాకా, ఇరవై ఎనిమిది రోజులు, పొద్దు బారెడెక్కిన తర్వాత ఏ ఇంట్లోనూ పొయ్యి వెలుగుతూ ఉండకూడదు. మళ్ళీ సముద్రపు గాలి వచ్చాకే వెలిగించాలి. ఆ కట్టుబాటును నడిపించేది మా అవ్వ, అమ్మకు అమ్మ. అమ్మ నా మూడో ఏట పోయింది, నాయన సముద్రం మీదికి పోయేవాడు, నన్ను పెంచింది అవ్వే.

ఉదయం నీళ్ళకుండ చంకన పెట్టుకుని అవ్వ ఇల్లిల్లూ తిరిగేది. ప్రతి పొయ్యిలోనూ దోసెడు నీళ్ళు చల్లి, బూడిదలో వేళ్ళు పెట్టి చూసేది. ఊరందరి తరఫునా ఒక్క నిప్పు మాత్రం బతికి ఉండేది. అది ఒడ్డున, తడి ఇసకలో తవ్విన గుంటలో, బూడిద కప్పిన సరుగుడు మొద్దు. గుంట పక్కన వెదురు నాటి, దాని కొసన పాత చీర పేలిక కట్టేది. పేలిక సముద్రం వైపు ఎగురుతున్నంత సేపు గుంట దగ్గరికి ఎవరూ రాకూడదు. అది ఊరి వైపు తిరిగితే అవ్వ ఆకూవక్కా నోట్లో వేసుకుని కూర్చునేది. తీరిగ్గా నమిలి, ఊసి, నోరు పుక్కిలించి, పేలిక ఇంకా ఊరి వైపే ఉందని చూసుకుని అప్పుడు కేక వేసేది. ఆడవాళ్ళు పెంకులు తెచ్చుకుని నిప్పు తీసుకుపోయేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు ఆమె ఆ పని చేసింది. ఇరవై ఆరేళ్ళూ మా పాళెంలో ఒక్క ఇల్లు కాలలేదు.

1958 వేసవిలో నేను ఆ గాలిని రాసిపెట్టడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు పదకొండేళ్ళు. వెదురు నీడను అడుగులతో కొలిచి, గాలి తిరిగినప్పుడు నీడ ఎన్ని అడుగులుందో ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసేదాన్ని. రోజుకు ఒక గీత. కార్తె, రోజు, నీడ, అంతే. కొన్ని రోజులు నేను రాసేసిన తర్వాత పేలిక మళ్ళీ సముద్రం వైపు తిరిగిపోయేది. అప్పుడు రాసింది రబ్బరుతో చెరిపేసి, గాలి నిలబడ్డాక కొత్త అంకె వేసేదాన్ని. పేజీ శుభ్రంగా ఉండాలని నా పట్టుదల.

మొదటి వేసవి ఇరవై ఎనిమిది గీతలు. రెండో వేసవి రోహిణి ఎనిమిదో రోజు వరకు ఇరవై రెండు. మొత్తం యాభై.

తొమ్మిదో రోజు అవ్వకు జ్వరం. అంతకు ముందు మూడు రోజులుగా పడమటి ఆకాశం అడుగున రాగిరంగు చార కనిపిస్తోంది. ఎండుచేపల కోసం ఉదయగిరి దిక్కు నుంచి వచ్చిన బండివాణ్ణి అవ్వ అడిగింది కూడా.

"కొండ కాలతాండాదా నాయనా?"

"తొమ్మిది దినాలాయె అవ్వా. గడ్డి అంటుకొని మీదికి పోతాండాది. ఆర్పేవాళ్ళు యాడుండారు?"

శివరాత్రి తర్వాత మా దగ్గర చినుకు పడలేదు. బండి పోయాక అవ్వ ఆడవాళ్ళను పిలిచి, ఆ సరుగుడాకు పోగులు ఒడ్డుకు చేర్చమని చెప్పింది. రేపు, ఎల్లుండి అన్నారు.

ఆ ఉదయం నీళ్ళకుండ పట్టుకుని నేనే తిరిగాను. అరవై మూడు పొయ్యిలూ నేనే ఆర్పాను. బయల్దేరేటప్పుడు అవ్వ మంచంలోంచే ఒకటే చెప్పింది.

"పేలిక తిరిగినాక తొందరపడబాక. ఆకు నవిలేంతసేపు కూచో. నీకు ఆకు లేదు గదా, ఊరికే కూచో."

తోపు పక్క వరుసలో చివరి ఇంట్లో ఒక చిన్నమ్మ ఉండేది, మాకు వరసకు. పదకొండు రోజుల బాలింత. భర్త తెప్ప మీద పోయాడు. ఇంట్లో ఆమె, పసిపిల్ల, మామగారు. ఆయన్ని నేను తాతా అనేదాన్ని. చేయి వణుకు వచ్చి సముద్రం మానేసి, వలలు బాగుచేస్తూ ఉండేవాడు. అందరి కంటే ముందు పెంకు పట్టుకుని గుంట దగ్గరికి వచ్చింది ఆయనే. వెనక మరో ఆరుగురు ఆడవాళ్ళు.

"ఏం మే కలెక్టరమ్మా! నీ పుస్తకం ఏమంటాది?"

"ఇంకా లేదు తాతా."

"కోడలికి పొద్దున్నించి గంజి లేదు మే. పాలు పడక పిల్ల గుక్కపెట్టి ఏడస్తాండాది. మీ అవ్వకైతే ఆకు నవలాల, ఊసాల, మళ్ళా నోరు కడగాల. నీకు ఇంకా పాలపళ్ళే పోలా, నువ్వేం నవులుతావు?"

ఆడవాళ్ళు నవ్వారు. అప్పుడే పేలిక వాలిపోయి, ఒక్క నిమిషం వెదురును అంటుకుని ఉండి, ఊరి వైపు తిరిగింది. నీడ మూడడుగులు. నా పుస్తకంలో ఎక్కువ రోజులు గాలి తిరిగింది మూడు, నాలుగు అడుగుల నీడ దగ్గరే. తిరిగాక వెనక్కి పోయినట్టు ఒక్క గీత కూడా లేదు. యాభైకి యాభై.

"ఇంకేం, తిరిగె గదా!" అన్నాడు తాత.

"అవ్వ కూచోమనింది."

"అవ్వ చదువుకోలా. నువ్వు చదువుకుంటివి."

నేను లేచి కేక వేశాను. బూడిద నేనే తీశాను. ఏడు పెంకుల్లోకి నిప్పు నేనే ఎత్తిపెట్టాను. ఆ గాలి ముఖానికి తగిలినప్పుడు అందులో చల్లదనం లేదని నాకు తెలిసింది. తెలిసినా పుస్తకం మీద నమ్మకంతో ఊరుకున్నాను.

ఏడు ఇళ్ళలో పొయ్యిలు అంటుకున్నాయి. గాలి ఇంకా ఊరి వైపే ఉంది కాబట్టి రవ్వలు పడమటికి, ఆ సరుగుడాకు పోగుల మీదికి పోయాయి. అక్కడ లోపల్లోపలే రాజుకున్నట్టుంది. నేను నీడ రాసి పెన్సిలు చెవి వెనక పెట్టుకునే లోపల పేలిక మళ్ళీ వాలిపోయింది. ఈసారి ఆగలేదు. పడమటి గాలి ఒక్కసారిగా వచ్చి వెదురును వంచింది. ఒడ్డు నుంచి చూస్తే తోపు ముందు పొగ, దాని కింద ఎర్రటి గోడ, ఆ గోడ నడిచి వస్తున్నట్టు కనిపించింది.

మగవాళ్ళు ఎవరూ లేరు. తెప్పలు మూడు మైళ్ళ అవతల ఉన్నాయి. పొగ వాళ్ళ మీదికే పోతోంది, గాలి వాళ్ళకు ఎదురు. తెడ్లు వేసి వేసి వాళ్ళు ఒడ్డు చేరేసరికి కాలడానికి ఏమీ మిగల్లేదని నాయన తర్వాత చెప్పాడు. ఆడవాళ్ళం పిల్లల్ని, ముసలివాళ్ళను నీళ్ళలోకి లాక్కుపోయాం. అవ్వను నేనూ ఇంకొకామె మోసుకొచ్చాం. నడుములోతు నీళ్ళలో నిలబడి చూశాం.

తాత కోడల్ని, పిల్లను ఒడ్డుకు తెచ్చి వదిలాడు. తర్వాత వెనక్కి పరుగెత్తాడు. అటక మీద కొత్త నూలు వల ఉంది. ఏడు నెలల పాటు ఆయన వణికే చేతులతో అల్లింది.

"మామా, వల పోతే పోనీ! మామా!" అని చిన్నమ్మ అరిచిన అరుపు నేను విన్నాను. ఆయనా వినే ఉంటాడు.

నలభై ఒక్క ఇళ్ళు పోయాయి. తూర్పు వైపు ఇరవై రెండు మిగిలాయి, వాటిలో మాదొకటి. మనుషుల్లో పోయింది తాత ఒక్కడే.

మూడో రోజు పాళేనికి పెద్దమనిషి అయిన పెద్దకాపు ఒడ్డున అందరినీ కూర్చోబెట్టాడు. నన్ను ముందుకు పిలిచాడు. నేను నోరు తెరిచే లోపల అవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"దాన్నేం అడగతారు? కేకెయ్యమనింది నేను. అది పసిది, చెప్పినట్టు చేసినాది."

"నువ్వు మంచంలో ఉంటివి గదా, పేలిక ఎట్టా చూసినావు?"

"తలుపు తెరిచుండె. మంచంలోంచే చూసినా."

మా తలుపు ఉత్తరానికి. గుంట ఆగ్నేయంగా ఉంటుంది. మంచంలోంచి కాదు కదా, గడప మీద నిలబడినా పేలిక కనబడదు. ఆ సంగతి అక్కడున్న సగం మందికి తెలుసు. ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

గుంటను అవ్వ చేతిలోంచి తీసేసి ఇంకొకతనికి అప్పగించారు. ఇక మీదట ఆమె నిప్పు దగ్గరికి రాకూడదన్నారు. అవ్వ తలూపి వచ్చేసింది.

ఇంటికి వచ్చాక నా పుస్తకం తెమ్మంది. చదువు రాదు. పేజీలు తిప్పి చూసి అడిగింది.

"ఇందులో గాలి వచ్చి తిరిగి పోయిన పొద్దులు ఎన్నుండాయి?"

"లేవు."

"లేకపోవడమేంది? నేను కళ్ళారా చూసినా గదా."

"అవి తప్పని చెరిపేసినా."

"తప్పా?" అంది అవ్వ. "పోయింది పోయినట్టు రాయకుండా, అది పుస్తకమెట్టా అయితాది మే?"

ఆమె పడుకున్నాక పేజీలను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూశాను. రబ్బరు పెన్సిలు రంగును తీసింది గానీ నొక్కు పోలేదు. లెక్కపెట్టాను. యాభై రోజుల్లో తొమ్మిది రోజులు గాలి తిరిగి, మళ్ళీ వెనక్కి పోయింది. ఒక రోజైతే రెండుసార్లు. ఆ తొమ్మిది రోజులూ అవ్వ ఆకు నములుతూ కూర్చునే ఉంది.

ఆ తర్వాత అవ్వ తోపు పక్క వీధిలోకి పోలేదు. బావికి పోవాలంటే ఆ వీధే దగ్గర దారి. ఆమె ఒడ్డు మీదుగా చుట్టి పోయేది. ఒకసారి బావి దగ్గర ఆ చిన్నమ్మ అవ్వ కడవను కాలితో తన్నింది. "మా మామ బూడిద ఇంకా నీ చేతికి అంటుకోనుండాది. ఈ నీళ్ళు ముట్టుకోబాక," అంది. నేను పక్కనే ఉన్నాను. అవ్వ కడవ తీసుకుని, జనం లేని వేళ మళ్ళీ వచ్చి ముంచుకుపోయింది. 1963లో ఆమె పోయింది. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఆ నాలుగేళ్ళలో నిజం చెప్పడానికి నాకు ఏ రోజైనా వీలయ్యేది.

1967లో మా పాళెం బడికే నన్ను టీచరుగా వేశారు. మూడో తరగతిలో ఆ చిన్నమ్మ కూతురు ఉంది, ఆ రోజు పదకొండు రోజుల పిల్ల. నా తరగతిలో లెక్క తప్పితే పలక తుడవనిచ్చేదాన్ని కాదు. గీత కొట్టి, కింద మళ్ళీ చేయించేదాన్ని. ఒక మధ్యాహ్నం బడి వదిలే వేళకు చిన్నమ్మ పలక పట్టుకుని వచ్చింది.

"ఇదేంది మే, పలక నిండా కొట్టివేతలే! తుడిచి రాసుకుంటే నీకేం పోతాది? బిడ్డ ఏడస్తాండాది ఇంటికొచ్చి."

పిల్లను బయటికి పంపి, నేను చెప్పాను. తిరిగి పోయిన తొమ్మిది పొద్దుల సంగతి, అవ్వ కూచోమన్నా కేక నేనే వేశానన్న సంగతి, అవ్వ మంచంలోంచి పేలిక కనబడదన్న సంగతి. తాత నన్ను ఎగతాళి చేసిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన వంతు మూల్యం ఆయన ఎప్పుడో చెల్లించాడు.

ఆమె పలక బల్ల మీద పెట్టింది.

"మామ పోయినందుకు నిన్ను అనను. ఆయన వల కోసం పోయినాడు. ఎవురాపినా ఆగేవాడు కాదు." పలక మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "బావికాడ నేను ముసల్దాని కడవ తన్నినప్పుడు నువ్వు పక్కనే ఉండావు గదా?"

"ఉన్నాను."

"అప్పుడన్నా నోరు తెరిచుంటే ఆమె కాళ్ళు పట్టుకోనుందును. ఇప్పుడు నాకెందుకు చెప్తివి? నేనేం చేసుకోవాల ఈ మాట?"

ఆమె పిల్లను పిలుచుకుని పోయింది. పిల్ల మర్నాడు బడికి వచ్చింది, ఐదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. తల్లి మాత్రం మళ్ళీ నాతో మాట్లాడలేదు.

మా ఇంటి నుంచి బడికి కూడా తోపు పక్క వీధే దగ్గర. ఆ మర్నాటి నుంచి నేను ఒడ్డు మీదుగా పోవడం మొదలుపెట్టాను. దారిలోని బావి దగ్గరికి వచ్చేసరికి, అవ్వ నాలుగేళ్ళు నడిచిన దారి ఎంత ఎక్కువో తెలిసింది. పోను నూట పద్దెనిమిది అడుగులు ఎక్కువ, రాను నూట పద్దెనిమిది. వచ్చేటప్పుడు నిండు కడవతో.