ఎవారిస్తో మాస్టారి చక్రం

సముద్రం ఒడ్డునున్న లా బర్రా ఊరికి వచ్చిన ఇంగ్లీషంతా ఒక చెక్క చక్రం మీద ఉండేది. టెలిఫోను వాళ్లు వదిలేసి పోయిన, తీగలు చుట్టే చెక్క డ్రమ్మును కోసి, రెండు గుండ్రటి పలకలు చేసి, ఒకదాని మీద ఒకటి మేకుతో బిగించి, ఇంగ్లీషు మాస్టారు ఎవారిస్తో ముంగియా దాన్ని తన చేతులతోనే తయారుచేసి బడి గోడకు తగిలించాడు. లోపలి పలక మీద ఎర్ర రంగుతో నాలుగు మాటలు: కెన్, షుడ్, మస్ట్, మే. బయటి పలక మీద నీలం రంగుతో మనిషి లేచింది మొదలు పడుకునేదాకా చేసే పనులు ముప్ఫయ్యారు. పళ్లు తోముకోవడం, కాఫీ తాగడం, బస్సెక్కడం, ఇల్లు ఊడ్వడం. లోపలి పలక తిప్పితే ఏ మాటైనా ఏ పనితోనైనా జతకలిసేది. మొత్తం నూట నలభై నాలుగు వాక్యాలు. అంతకు మించి మనిషికి బతకడానికి ఏం కావాలని ఆయన ధీమా.

తుఫానుకు బడి కప్పు ఎగిరిపోయిన ఏడు కూడా చక్రం గోడను వదల్లేదు. మూడు రోజులు ఆ గాలికి తనంతట తానే తిరుగుతూ బెంచీలకు పాఠం చెప్పిందట. నమ్మకపోతే మీ ఇష్టం. మంగలి షాపు చిలక్కి కూడా ఆ పాఠం అబ్బింది. "కెన్ షేవ్, షుడ్ షేవ్, మస్ట్ షేవ్" అని అది అరుస్తుంటే గడ్డం మొలవని వాళ్లు కూడా భయపడి కుర్చీలో కూర్చునేవారు.

ఎవారిస్తో తరగతిలో ఒకటే నియమం. ఒక పని మొదలుపెడితే దాని నాలుగు వాక్యాలూ చెప్పి తీరాలి. మధ్యలో ఆపినవాళ్లు ఎండలో నిలబడాలి. ముప్ఫయ్యొక్క ఏళ్లు అలాగే నడిచింది.

ఆ తర్వాత పక్క పట్నంలో, అమెరికా నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే ఆఫీసు తెరిచారు. ఇంగ్లీషు వస్తే చాలన్నారు. లా బర్రా నుంచి అరవైరెండు మంది వెళ్లారు. అందరూ ఎవారిస్తో దగ్గర చదివినవాళ్లే. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

రొట్టెలో బీన్స్ మడిచి అమ్మే తోమాసా బండి దగ్గర ఆయనకు ఆ వార్త తగిలింది. ఊళ్లో అందరూ మాస్టారిని ప్రొఫె అనే పిలిచేవారు.

"ఏం ప్రొఫె, రొట్టె ఇవ్వమంటారా? లేక ఇవ్వగలను, ఇవ్వాలి, ఇచ్చి తీరాలి, ఇవ్వొచ్చు అని పాడి ఇవ్వమంటారా?"

"ముందు రొట్టె ఇవ్వు తోమాసా. ఎగతాళి తర్వాత చేద్దువుగాని."

"ఎగతాళా? మా అమ్మాయి నీదియా మూడ్రోజుల్నుంచి గదిలోంచి బయటికి రావట్లేదు. కంప్యూటర్ వాడగలవా అని అడిగారంట. ఇది నాలుగూ అప్పజెప్పిందంట. ఏం చేస్తుంది పాపం, ఆపితే ఎండలో నిలబెడతారాయె! పక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారంట."

"వాళ్లకి సరిగ్గా అడగడం రాదేమో."

"అరవైరెండు సార్లూ రాలేదా? అయితే మీరెళ్లండి ప్రొఫె. మీ చక్రం మంచిదైతే మీకైనా రావాలిగా ఆ ఉద్యోగం!"

బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వలేదు. ఆయన వైపు చూశారు. ఎవారిస్తో రొట్టె సగంలో వదిలేసి, "శుక్రవారం వెళ్తాను" అన్నాడు. అరవైమూడేళ్ల వయసులో ఆయనకు ఉద్యోగం అక్కర్లేదు. తన ముప్ఫయ్యొక్క ఏళ్లు వృథా కాలేదని ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

శుక్రవారం ఆఫీసులో, బల్లకు అవతల కూర్చున్న మనిషిని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. హసింతా. ఒక్క వాక్యం చెప్పి, "ఒక్కటి చాలదా ప్రొఫె?" అని అడిగినందుకు ఏడాదంతా ఎండలో నిలబడ్డ పిల్ల. తర్వాత మేనమామతో అమెరికాలోని హ్యూస్టన్ వెళ్లి, పన్నెండేళ్లు హోటల్లో పక్కలు సర్ది, కాగితాలు లేవని పోలీసులు పంపేస్తే తిరిగొచ్చింది.

"కూర్చోండి ప్రొఫె," అంది. ఆ తర్వాత ఇంగ్లీషులోకి మారి, ఈ పొద్దున మీరేం చేశారని అడిగింది.

ప్రశ్న ఆయనకు అర్థమైంది. జవాబూ ఉంది. పొద్దున లేచాడు. మార్చిలో భార్య క్లెమెన్సియా పోయినా అలవాటు చొప్పున ఇద్దరికీ కాఫీ కాచాడు. రెండో కప్పు నిమ్మచెట్టు మొదట్లో పోశాడు. చొక్కాకు ఊడిన గుండీ తనే కుట్టుకున్నాడు, వేలికి సూది గుచ్చుకుంది. ఇదంతా కళ్ల ముందుంది. నోరు తెరిచాడు.

"ఐ కెన్ డ్రింక్ కాఫీ."

అక్కడితో ఆపాలనుకున్నాడు. నోరు ఆగలేదు.

"ఐ షుడ్ డ్రింక్ కాఫీ. ఐ మస్ట్ డ్రింక్ కాఫీ. ఐ మే డ్రింక్ కాఫీ."

హసింతా నవ్వలేదు. మళ్లీ ఊరి మాటలోకి వచ్చింది. "అవన్నీ వద్దు ప్రొఫె. ఇవాళ తాగారా, లేదా?"

మనిషి చేయగలిగినవి, చేయాల్సినవి అన్నీ చక్రం మీద ఉన్నాయి. చేసేసినవి లేవు. వాటి కోసం మూడో పలక చేద్దామని మొదటి ఏడే అనుకున్నాడు. చెక్క చాలలేదు. వచ్చే ఏడు చూద్దామనుకున్నాడు. ఆ వచ్చే ఏడు ముప్ఫయ్యొక్కసార్లు వచ్చి వెళ్లిపోయింది. ఈలోగా కాలేజీలో నేర్చుకున్నది కూడా ఆయన నోట్లోంచి జారిపోయింది.

"ఇన్నేళ్లలో మిమ్మల్ని ఇంగ్లీషులో ఎవరూ ఒక్క ప్రశ్నైనా అడగలేదా?"

"ఎవరడుగుతారమ్మా? అడిగేవాణ్ణి నేనే."

మళ్లీ ఆయనే అడిగాడు. "అరవైరెండు మందినీ నువ్వే చూశావా?"

"నేనే. అందరి నోట్లోంచీ మీ గొంతే వచ్చింది. ఆ ఎండ గుర్తొచ్చింది నాకు. కానీ కోపంతో పేర్లు కొట్టెయ్యలేదు ప్రొఫె, దేవుడి మీద ఒట్టు. తీసుకుందామని చూశాను. తీసుకోవడానికి ఏమీ దొరకలేదు."

తిరుగు బస్సులో ఆయన హసింతా అడిగిన ప్రశ్నను పెదాల మీద తిప్పుకుంటూనే ఉన్నాడు, దిగేలోపు మరిచిపోతానేమోనని.

సోమవారం పిల్లలకంటే ముందే బడికి వెళ్లి చక్రం ఊడదీయబోయాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన మేకు కదల్లేదు. పిల్లలు వచ్చి నిలబడ్డారు, ముప్ఫయ్యెనిమిది మంది. ఆయన మొదటి బెంచీలో ఉన్న రోసెల్యా వైపు తిరిగి, దాచి తెచ్చుకున్న ఆ ఒక్క ప్రశ్నను ఇంగ్లీషులో అడిగాడు. ఈ పొద్దున ఏం చేశావమ్మా?

ఆ పిల్ల కళ్లు చక్రం మీదికి వెళ్లాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుని నిద్ర లేవడం గురించి నాలుగు వాక్యాలూ చెప్పింది, ఎక్కడా ఆగకుండా. చెప్పాక ఆయన ముఖం చూసి బెదిరిపోయింది.

"తప్పా ప్రొఫె?"

తప్పంటే, ఒప్పేమిటో చెప్పాలి. ఆ ఒప్పు ఆయన నోటికి రాదు. కిటికీ అవతల ఎండ అప్పుడే ఎక్కుతోంది.

"లేదమ్మా. సరిగ్గా చెప్పావు. కూర్చో."

రోసెల్యా హమ్మయ్య అనుకుంటూ కూర్చుంది. ఎవారిస్తో బెత్తం తీసుకుని, పలక తిప్పి, పళ్లు తోముకోవడం దగ్గర ఆపాడు. ముప్ఫయ్యెనిమిది గొంతులు అందుకున్నాయి.