పాతది ఉండనీ!

ఓబుళేశు జీవితంలో చెమటోడ్చి సాధించిన మొట్టమొదటి విజయం కంప్యూటరు తెరను డబ్బాలాగా గిర్రున తిప్పడం. అంతకుముందు పదో తరగతి గట్టెక్కాడు, పెళ్లి చేసుకున్నాడు, బద్వేలు బజారులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టాడు. అవన్నీ ఎలాగో జరిగిపోయినవే గానీ సాధించినవి కావు. డబ్బా అలా కాదు. రెండువేల ఏడు ఎండాకాలమంతా దాని ముందు కూర్చుని, తిండి వేళలు మరిచి, తెరకు నాలుగు ముఖాలు పుట్టించి, మౌసుతో లాగితే బొంగరంలా తిరిగేటట్టు చేశాడు.

ఆ విజయం వెనకున్న గుణం ఒక్కటే. ఓబుళేశు పాతదాన్ని పారెయ్యడు. కొత్తది కొంటాడు, ముచ్చటగా వాడతాడు, పాతది మాత్రం చేతికందే దూరంలో ఉండాల్సిందే. కొత్త చెప్పులతో పెళ్లికి వస్తే చంకలో సంచీ, సంచీలో పాత చెప్పులు. ఎందుకప్పా అంటే, "కొత్తవి కరిస్తేనో? పాతవి ఉండనీ" అంటాడు. ఎడమచేతికి కొత్త గడియారం, కుడిచేతికి పాతది. టైమెంతని అడిగితే రెండూ చూసి, తేడా వస్తే పాతదాన్నే నమ్ముతాడు.

ఒకసారి కడపలో పళ్ల డాక్టరు ఆయన నోట్లో లైటు వేసి చూశాడు.

"ఈ పన్ను పీకెయ్యాల."

"పీకుదురుగానీ సార్, ముందు కొత్తది కట్టండి. అది బాగా నముల్తాంటే అప్పుడు పాతది తీద్దాం."

"ఉండేది ఒకటే సందు కదయ్యా! యాడ కట్టేది?"

"పక్కన కట్టండి సార్. పాతది ఉండనీ."

డాక్టరు ఆయన్ను బయటకు పంపి, ఆ పూటకు ఆస్పత్రి తలుపులు మూసుకున్నాడు.

ఆయన కంప్యూటరులో ఉండేది లినక్స్. దాన్ని నడిపే మూలాన్ని కర్నెల్ అంటారు. అప్పుడప్పుడూ కొత్త కర్నెల్ వస్తుంది. లోకులు కొత్తది రాగానే పాతవాటిని తుడిచేస్తారు. ఓబుళేశు తుడవడు. అందుకని పొద్దున మిషను ఆన్ చెయ్యగానే తెర నిండా కర్నెళ్ల పట్టీ, హోటల్లో టిఫిన్ల పట్టీలాగా. ఆయన దాని ముందు నిలబడి, గడ్డం గోక్కుంటూ, "ఈ పొద్దు ఏ కర్నెల్లో పోదాం?" అని ఆలోచిస్తాడు. ఈలోగా హాల్ టికెట్టు ప్రింటు కోసం వచ్చినవాళ్లు కాఫీ తాగి వస్తారు.

ఇదంతా చూసి బజారు నవ్వుకుంది. నవ్వనివాడు ఒక్కడే. ఎదురంగడి శ్రీవాసవి ప్రింటర్స్ యజమాని రామకోటయ్య.

రామకోటయ్య అంటే అల్లాటప్పా మనిషి కాదు. పోరుమామిళ్ల పక్క పల్లెలో, సగం కప్పున్న బడిలో అయిదో తరగతి దాకా చదివి, ఎక్కాలు వెనకనుంచి ముందుకు అప్పజెప్పి అయ్యవారినే తికమక పెట్టినవాడు. ఆ బజారులో మొదటి ఎస్టీడీ బూతు ఆయనది. మొదటి జిరాక్సు మిషను ఆయనది. మొదటి రంగుల పెళ్లిపత్రిక ఆయన అచ్చేసిందే. ఆ జిరాక్సు మిషనుతో బజారులో మొట్టమొదట షాకు కొట్టించుకున్న వర్తకుడు కూడా తానేనని గర్వంగా చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి కళ్లెదుట, రోడ్డుకు అవతల, డబ్బా తిరిగింది. బజారు బజారంతా ఓబుళేశు అంగట్లో దూరింది. ఎరువుల అంగడి సుంకప్ప కరపత్రాలు అచ్చేయించుకోవడానికి వచ్చి రామకోటయ్య ముందు కూర్చున్నాడు.

"ఈ బజారులో మొదటి ఎస్టీడీ బూతు ఎవరిదనుకుంటివి సుంకప్పా?"

"మీదే శెట్టీ. ఉండు, ఆ డబ్బా ఒకసారి చూసొస్తా."

"నిన్న చూసినావు గదప్పా!"

"నిన్న ఎడంపక్కకు తిరిగింది. ఈ పొద్దు కుడిపక్కకంట."

సుంకప్ప తిరిగి రాలేదు. రామకోటయ్యకు అన్నం సయించలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మ విస్తరి ముందు ఎదురుచూసి చూసి అడిగింది.

"ఏమండీ, చారన్నం చల్లారిపోతాండాది."

"తిరుగుతాండాది."

"ఏం తిరుగుతాండాది?"

"డబ్బా!"

ఆ దసరాకు ఆయుధపూజ నాడు, అగ్గిపెట్టె అడిగే నెపంతో రామకోటయ్య రోడ్డు దాటాడు. ఓబుళేశు కంప్యూటరు మూత విప్పి, లోపలున్న గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను నడిమధ్యన పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతున్నాడు. డబ్బాను తిప్పే సత్తా ఆ కార్డుదే.

"ఏమప్పా ఓబుళేశూ, ఎవురన్నా బొట్టు మొగానికి పెడ్తారు. నువ్వు పేగులకు పెడ్తాండావే!"

"పని చేసేది పేగులే గద మామా."

రామకోటయ్య ఆ మాటను బజారంతా చెప్పి నవ్వించాడు. డబ్బా చూడ్డానికి వచ్చినవాళ్లే నవ్వి, మళ్లీ డబ్బా చూడ్డానికే పోయారు.

చివరికి రామకోటయ్యే ఓబుళేశు ముందు గొంతు సవరించుకుని, "నా కంప్యూటరుకు తిరగడం రాక కాదప్పా, తిప్పేటోళ్లు లేక" అన్నాడు. అడగడమంటే ఆయనకు తెలిసింది అంతవరకే. ఓబుళేశుకు అదే చాలు. ఆ సాయంత్రమే వచ్చి లినక్స్ ఎక్కించాడు. శ్రీవాసవి ప్రింటర్స్ లోనూ డబ్బా తిరిగింది. కార్డు పాతది కాబట్టి కాస్త మూలుగుతూ తిరిగింది.

"చూడు మామా, కర్నెల్ అంటే ఎద్దు. కార్డును పలికించే డ్రైవరు ఉండాదే, అది ఆ ఎద్దు మెడకు కొలిచి చేసిన కాడి. కొత్త ఎద్దొస్తే పాత కాడి పట్టదు. మీ కార్డు ముసిల్ది, దానికి సరిపోయే కాడి ఈ పాత ఎద్దుకే ఉండాది. కొత్త కర్నెల్ వస్తే రానీండి. ఏమన్నా అయితే మొదట్లో పట్టీ తెరిచి పాతదాంట్లో పోదాం. పాతది మాత్రం తీసెయ్యాకండి."

"నాకు చెప్తాండావా? బజారులో మొదటి జిరాక్సు..."

"మీదే మామా" అని ఓబుళేశు వెళ్లిపోయాడు.

మరుసటి సంవత్సరం వాసవీ జయంతికి ఆర్యవైశ్య సంఘం పెద్దలు రామకోటయ్యకు సన్మానం తలపెట్టారు, అదీ ఆయన ప్రెస్సులోనే. శాలువా కప్పే సమయానికి వెనక డబ్బా తిరగాలని ఆయన ఊరంతా చాటించుకున్నాడు. ఆ రోజుతో ఎదురంగడి గొప్ప అణిగిపోవాలి. అప్పటికి కొత్త కర్నెల్ ఒకటి వచ్చి పట్టీలో పైన కూర్చుంది. మిషను మాత్రం ఓబుళేశు పెట్టిపోయినట్టు పాతదాంట్లోనే నడుస్తోంది.

సన్మానానికి ముందు అంగడి దులిపించాడు. వర్తకుడి ఇంట పుట్టినవాడికి ఒకటే ధర్మం. పాత సరుకు గూట్లో ఉంటే లక్ష్మి గడప తొక్కదు. రంగు వెలసిన కాగితం పోయింది, ఎండిన సిరా డబ్బాలు పోయాయి. చివర్న కంప్యూటరు ముందు కూర్చుని, పాత కర్నెళ్లన్నీ ఏరి తుడిచేసి, కొత్తదాన్ని ఒక్కదాన్నే మిగిల్చాడు. బజారులో కర్నెళ్లు కడిగిన మొదటి వర్తకుడినని మీసం దువ్వుకున్నాడు. మిషను ఒకసారి ఆపి, తిరిగి ఆన్ చేశాడు.

తెర నల్లగా, బూరెల మూకుడు అడుగులాగా నిలిచిపోయింది.

మళ్లీ ఆన్ చేశాడు. నలుపే. కొబ్బరికాయ కొట్టాడు. నలుపే. ఓబుళేశును పిలవడమంటే తల తీసి రోడ్డుకు అవతల పెట్టడమే. రాజ్యలక్ష్మమ్మే గడపలో నిలబడి కేకేసింది.

"ఓబుళేశూ, ఒకసారి రా నాయనా! ఈయన ఏందో కడిగినాడంట!"

ఓబుళేశు వచ్చి చూసి, తల గీరుకుని, నవ్వాడు.

"ఎద్దును అమ్మేసి కాడి పెట్టుకోనుండారు మామా."

"జయంతికి తిరుగుతాదా, తిరగదా? అది చెప్పు!"

"నా అంగడికి తీసకపోతా. పొద్దునకంతా తెస్తా."

పొద్దున తెచ్చాడు. మౌసు తాకితే చాలు, డబ్బా తిరునాళ్లలో రంగులరాట్నంలా తిరిగింది. ముందులాగా మూలుగుడు కూడా లేదు.

"ఏం జేసినావప్పా?"

"దుమ్ముండె మామా. తుడిచినా."

సన్మానం ధూంధాంగా జరిగింది. శాలువా కప్పారు, వెనక డబ్బా తిరిగింది, సుంకప్ప చప్పట్లు కొడుతూ శాలువాను వదిలి డబ్బానే చూశాడు. వింత ఏమంటే, ఆ రోజునుంచి ఓబుళేశు అంగట్లో డబ్బా గానుగెద్దులాగా ఈడ్చుకుంటూ తిరగసాగింది. జనం ఇటు మళ్లారు. రామకోటయ్య అరుగు మీద కూర్చుని వినిపించేటట్టు అనేవాడు.

"పాతది ఉండనీ, ఉండనీ అంటాంటే అంతే మరి! డబ్బా గూడా ముసిల్దైపోతాది."

"అంతే మామా" అని నవ్వేవాడు ఓబుళేశు. ఆ నవ్వు చూసి రామకోటయ్యకు మళ్లీ కడుపు మండేది. గెలిచింది తాను, నవ్వేది వాడా?

మళ్లీ దసరా వచ్చింది. "పోయినసారి ఆ పిల్లోణ్ని ఎగతాళి చేస్తిరి. ఈసారి మనమూ లోపలే పెడదాం" అంది రాజ్యలక్ష్మమ్మ. రామకోటయ్య సణుగుతూ మూత విప్పాడు. లోపల ఫ్యాను నడిమధ్యన, పసుపు ఎండిపోయి, కుంకుమబొట్టు అప్పటికే ఉంది.

రాజ్యలక్ష్మమ్మ కుంకుమ భరిణె పక్కన పెట్టి వంగి చూసింది. "ఈ బొట్టు మనది కాదండీ."

రామకోటయ్య పై కండువా కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు.

"నీ కార్డు నాకు పెట్టి, నా ముసిల్దాన్ని నువ్వు పెట్టుకుంటివా?"

ఓబుళేశు దొంగతనం బయటపడినవాడిలా నేలచూపులు చూశాడు.

"కొత్త కర్నెల్ కు మీ కార్డు పలకదు మామా. దానికి సరిపోయే పాత కర్నెల్ మీరు తుడిచేస్తిరి. నా పట్టీలో ఉండాది. అది మీకు ఎక్కిచ్చినా సన్మానం నాడు డబ్బా మూలుగుతాది. అందుకని మీ కార్డు నేను పెట్టుకుంటి, నాది మీకు పెడ్తి."

"పాత చెప్పులు గూడా ఇడిసిపెట్టనోడివి, కొత్త కార్డు ఎట్ల ఇస్తివప్పా?"

"పాతది ఉంటేనే గద మామా కొత్తది ఇయ్యగలిగేది."

రామకోటయ్య ఏదో అనబోయాడు. బజారులో ఇలాంటి పని మొట్టమొదట చేసినవాడు తాను కాదని అప్పుడు గుర్తొచ్చింది. "బొట్టు... చెదరలేదులే" అని మాత్రం అని, వచ్చేశాడు.

ఆ వారంలోనే కర్నూలు జిల్లా కోసిగి నుంచి దేవేంద్రప్ప అనే అయ్యవారు ఓబుళేశును వెతుక్కుంటూ దిగాడు. వాళ్ల బడికి ఎవరో దానమిచ్చిన కంప్యూటర్లు మరీ పాతవి, ఏ కొత్త కర్నెల్ కూ లేవడం లేదు.

"పాత కర్నెళ్లు ఉండేది ఈయప్ప కాడనే అంట గదా?"

"అంత దూరం నుంచి వస్తిరా? కర్నూల్లో ఎవురూ దొరకలేదా?" అన్నాడు రామకోటయ్య, ఎవరూ ఆయన్ను అడగకుండానే.

"అడిగితిమి సామీ. అందరూ తుడిచేసినారంట."

ఓబుళేశు కొత్త సంచీలో సీడీలు, పాత సంచీలో ఇంకొన్ని సీడీలు సర్దుకుని బస్సెక్కాడు. తాళంచెవి రామకోటయ్య చేతికిచ్చాడు.

అప్పటినుంచి రామకోటయ్యకు కొత్త మంట పట్టుకుంది. ఆ కోసిగోళ్లు మంచి మజ్జిగ పోసి మా వాణ్ని అక్కడే కట్టేసుకుంటే? రాజ్యలక్ష్మమ్మ కొత్త కాఫీ ఫిల్టరు తెచ్చి పాతది బయట పెట్టబోతే, "ఉండనీ" అని కసిరాడు. ఎదురంగడి ముందు ఎవరు ఆగినా తానే లేచి వెళ్లి, ఈ బజారులో ఓబుళేశు విలువ మొట్టమొదట కనిపెట్టిన వర్తకుడు ఎవరో చెబుతున్నాడు. సుంకప్ప కూడా ఈసారి పూర్తిగా విని, అడిగాడు.

"అదంతా సరే శెట్టీ, ఆయప్ప వచ్చేది ఎప్పుడు?"

రామకోటయ్య పక్కకు జరిగాడు. మూసిన తలుపు మీద తన ప్రెస్సులోనే, రంగుల్లో అచ్చేసి అంటించిన కాగితం వైపు వేలు చూపించాడు: ఓబుళేశు వచ్చేది నవంబరు రెండో తేదీ, ఆదివారం.